అధిక శ్రావణం

లోపల సిద్ధాంతిగారు జాతకం చదువుతున్నారు. ఆ గొంతు కిటికీ ఊచల్లోంచి కచేరీ వరండాలోకి వస్తోంది, ఎక్కడా తడుముకోవడం లేదు, చిత్రభాను నామ సంవత్సరం, నిజ శ్రావణ మాసం, శుద్ధ పౌర్ణమి, అంటూ కాలవలో నీళ్ళలా సాగిపోతోంది. వరండా చివరి మెట్టు మీద, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా ఒక కాలు కిందా ఒక కాలు పైనా పెట్టుకుని కూర్చున్న జ్ఞానమ్మకి ఆ సంస్కృతం ముక్కలు తెలియవు గాని పున్నమి అన్న మాట తెలుసు. అది తప్పనీ తెలుసు. ఆ పిల్లని గోదారి లంకలో భూమ్మీదికి తెచ్చిన చేతులు ఇవే, ఒళ్ళో బోర్లించి పెట్టుకున్న ఈ రెండు చేతులే. ఆ రోజు పున్నమే, కాదనడానికి లేదు, అయితే ఈయన చదివే పున్నమి కాదు, దానికి సరిగ్గా నెల ముందు వచ్చిన పున్నమి, అధిక శ్రావణంలోది, కోమట్ల ఇళ్ళలో ఎవరూ జంధ్యాలు మార్చుకోని పున్నమి. ఈ సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురు ఉండేవారు. ఒకావిడ చచ్చిపోయింది. ఒకావిడ కచేరీ గుమ్మం తొక్కదు. మిగిలింది మంత్రసాని.

"ఏంటే ముసలమ్మా, ప్లీడర్లు నడిచే దారిలో కూర్చున్నావు?" అన్నాడు బంట్రోతు పోతురాజు.

"మరెక్కడ కూర్చోమంటావు నాయనా?"

"అదే నాకూ తెలీదు. వరండా ఎక్కితే గుమస్తాగారు నన్ను తిడతారు. చెట్టు కింద కూర్చుంటే నీకు పిలుపు వినపడదు. మూడు పిలుపులకి రాకపోతే సాక్షి లేదని రాసేస్తారు. అక్కడే ఉండు, ఆయన వస్తే నేను దగ్గుతాను."

సాక్షి లేదని రాసేస్తారు. ఎంత తేలిక. ఎదురుగా మెట్టు మీద మనిషి కూర్చుని ఉంటే లేదని రాయడం ఎంత తేలిక. ఇవాళ పొద్దున్న ప్లీడరుగారు, యెహెజ్కేలు పంతులు తరఫున మాట్లాడే ఆయన, ఈ మెట్టు దగ్గరే నిలబడి పెన్సిలుతో అరచేతి మీద కొట్టుకుంటూ చెప్పాడు, నువ్వు చెప్పేది నేను నమ్ముతాను ముసలమ్మా, నేను నమ్మితే ఏం లాభం, వాళ్ళ చేతిలో కాగితం ఉంది, నీకున్నది నోరు, నోటికి ఆనవాలు కావాలి, ఆ పిల్ల నెల ముందే పుట్టిందనడానికి ఎవరూ కాదనలేని గుర్తు ఒక్కటి చెప్పు, ఒక్కటే, మిగతాది నేను చూసుకుంటా. అప్పటినుంచీ వెతుకుతోంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరినట్టు పదహారేళ్ళ కిందటి ఆ నెలంతా ముందు పోసుకుని వేళ్ళతో జరుపుతోంది. మార్గశిరం ఎండ మెట్టు మీదికి పాకింది. సిద్ధాంతిగారు ఇంకా చదువుతున్నారు. ఆయన ఆపేలోగా దొరకాలి. దొరక్కపోతే పదహారు నిండని పిల్లని తండ్రి సంరక్షణలోంచి లేపుకుపోయాడన్న నేరం మీద యెహెజ్కేలు జైలుకి పోతాడు, బడిపిల్లలకి అక్షరాలు దిద్దించే ఆ చెయ్యి రాళ్ళు కొడుతుంది, రత్నమాణిక్యాన్ని తీసుకెళ్ళి తండ్రికి అప్పజెపుతారు, ఆ ఇంటి పెరట్లో పీట వేసి ఉంటుంది, మంగలి కత్తి నూరుతూ ఉంటాడు.

ఎన్ని జాతకాలు ఈ చేతుల్లోంచి పోలేదు. గొప్పవాళ్ళ పురుళ్ళలో నిమ్మకాయ ఇచ్చేవారు. పురిటి గదిలో మంత్రసాని పక్కన నిమ్మకాయ, బయట అరుగు మీద సిద్ధాంతి, ఆయన ముందు నీళ్ళ పళ్ళెంలో చిల్లుగిన్నె. బిడ్డ తల బయటపడగానే నిమ్మకాయ గుమ్మంలోంచి అరుగు మీదికి దొర్లించాలి, ఆయన గిన్నె ఎంత మునిగిందో చూసి పుట్టిన గడియ లెక్క కట్టాలి. ఆ లెక్క మీద గ్రహాలు, గ్రహాల మీద పెళ్ళి, పెళ్ళి మీద బతుకు. దానికంతటికీ మొదలు ఏమిటయ్యా అంటే మాలపల్లె మనిషి చేతిలో నిమ్మకాయ. చెయ్యి జిగురుగా ఉంది, నిమ్మకాయ జారింది, మంచం కిందికి పోయింది, వెతికి తీసి దొర్లించేసరికి గిన్నె మునిగిపోయింది, ఎన్నిసార్లు జరగలేదు. ఎవరితో చెప్పిందిగనక. పైగా గొప్పవాళ్ళ ఇళ్ళలోకి మామూలుగా మంగలి మంత్రసానినే పిలిచేవారు, ఆవిడ వల్ల కానప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, తల్లి కళ్ళు తేలేసినప్పుడు, అప్పుడు పల్లెకి మనిషి వచ్చేవాడు, పోలీ, ఓ పోలీ, తొందరగా రా అని, అప్పటికి ఆమె పేరు పోలి, బాప్తిస్మం ఇంకా కాలేదు. పురిటి గదిలో పదకొండు రోజులు అందరూ అంటరానివాళ్ళే, కన్నతల్లితో సహా, కాబట్టి పోలి ముట్టుకున్నా కొత్తగా అంటుకునే మైల లేదు. ఆ పదకొండు రోజులూ వాళ్ళూ ఆమే ఒక్కటి. పన్నెండో నాడు నీళ్ళు పోసుకుని వాళ్ళు మనుషులైపోయేవారు, పోలి మళ్ళీ పోలి.

మరి పల్లెలో? పల్లెలో నిమ్మకాయ ఎవడు దొర్లించాడు, గిన్నె ఎవడు ముంచాడు. సంపూర్ణమ్మ కొడుకు కాలవకి కొత్తనీళ్ళు వదిలిన రోజున పుట్టాడు. గంగయ్య కవలలు పెద్దాపురం మరిడమ్మ జాతరకి జనం బళ్ళు కట్టుకుపోతుంటే పుట్టారు, ఒకడు బళ్ళు వెళ్ళేటప్పుడు, ఒకడు బళ్ళు తిరిగొచ్చేటప్పుడు. ధాత కరువులో పుట్టిన పిల్ల, పక్కటెముకలు లెక్కపెట్టగలిగినంత బక్క పిల్ల, దాని పేరే కరువమ్మ. అన్నీ గుర్తే. ఎవడు ఎప్పుడు పుట్టాడని పల్లెలో ఎవరికి అనుమానం వచ్చినా ఆమె గుమ్మంలోకే వచ్చేవారు. మొదటి నాగలి పడ్డ నాడు, ఎర్రావు ఈనిన మర్నాడు, నారుమళ్ళు మునిగిన శుక్రవారం. కాలవకి ఏ తారీకున నీళ్ళు వదిలారో, లాకు తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తారో ధవళేశ్వరంలో దొరలు పుస్తకాల్లో రాసుకున్నారు, అడిగితే ఇవాళ కూడా తీసి చూపిస్తారు. ఆ కాలవ తవ్విన జనం ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో రాయడానికి ఒక్క కాగితం మిగల్లేదు. లంకలో మునసబుగారి దగ్గర పుస్తకం ఉందట, ప్లీడరుగారు మనిషిని పంపి తీయించాడట, ఆ నెల పేజీలో గొడ్లకి గాళ్ళ రోగం వచ్చి చచ్చిన సంగతి ఉందట, ఎన్ని ఎద్దులు, ఎన్ని దున్నలు. పిల్ల సంగతి లేదు. ఎద్దు చస్తే దుక్కి ఆగుతుంది. ఆడపిల్ల పుడితే ఏం ఆగుతుంది, రాయడానికి.

పాపం యెహెజ్కేలు. తొందరపడే మనిషి కాదు, అదే చిత్రం. మాణిక్యానికి మొగుడు పోయి మూడేళ్ళు. ఎనిమిదో ఏట పుస్తె కట్టారు, పదమూడో ఏట తెంచారు, మధ్యలో ఆ పిల్ల అతణ్ణి నాలుగుసార్లు చూసింది. ఇళ్ళకి వెళ్ళి ఆడవాళ్ళకి చదువు చెప్పే రూతు, యెహెజ్కేలు భార్య, ఆ ఇంటి వెనక అరుగు మీద కూర్చుని గుణింతం చెపితే రెండు నెలల్లో పత్రిక చదవడం మొదలెట్టింది. శ్రావణం దాటాక జుట్టు తీయించాలని పెద్దలు అనుకోవడం విని, రూతు చెయ్యి పట్టుకుని, నన్ను తీసుకుపొండి, పంతులమ్మ చదువు చదువుకుంటా అంది. యెహెజ్కేలు ఏమన్నాడు? పదహారు నిండకుండా గుమ్మం దాటొద్దమ్మా, చట్టం ఒప్పుకోదు అన్నాడు. ఆ పిల్ల తన జాతకం తనే పెట్టెలోంచి తీసి చదువుకుంది, చిత్రభాను శ్రావణ పున్నమి, విళంబి శ్రావణ పున్నమికి పదహారు నిండుతాయి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, పున్నమి నాడు తండ్రి జంధ్యం మార్చుకున్నాడు, మర్నాడు పొద్దున్న కట్టుబట్టలతో నడిచి వచ్చేసింది. ఎవరూ ఎత్తుకుపోలేదు. కాళ్ళతో నడిచి వచ్చింది. ఇంత జాగ్రత్త పడ్డ యెహెజ్కేలుకి ఒక్క సంగతి తట్టలేదు, తట్టకపోవడమూ సహజమే, పుట్టినరోజు తిథిని బట్టే వస్తుందని చిన్నప్పటినుంచీ విన్నవాడు, దొరల లెక్క తిథుల్ని బట్టి నడవదు. ప్లీడరుగారు పెన్సిలుతో వేసి చూపించాడు. చంద్రుడి ఏడు పొట్టిది, సూర్యుడి ఏడు పొడుగుది, అప్పుడో అధిక మాసం ఇప్పుడో అధిక మాసం వేసి వాటిని సరిపెడుతూ ఉంటారు, ఈ పదహారేళ్ళలో అది సరిగా కలవలేదు. జాతకంలో ఉన్న పున్నమి దొరల లెక్కలో ఆగస్టు ఇరవై ఎనిమిది. పిల్ల గుమ్మం దాటింది ఆగస్టు మూడు. ఇరవై అయిదు రోజులు తక్కువ. ఈ ఇరవై అయిదు రోజుల మీద మనిషికి శిక్ష. అప్పుడు రూతు ఏడుస్తూ వచ్చి చెపితే జ్ఞానమ్మ నోట్లోంచి వచ్చేసింది, అదేంటమ్మా, ఆ పిల్ల అధికంలో కదా పుట్టింది అని. ప్లీడరు మళ్ళీ పెన్సిలు తీశాడు. జూలై ముప్పై. నాలుగు రోజులు ఎక్కువ. ఆయన ముఖం వెలిగింది, వెంటనే ఆరింది. ఎవరు నమ్ముతారు? అన్నాడు.

ఆనవాలు. లంకలో వాన. ఆ వానే ముందు వస్తుంది ఎప్పుడు తలుచుకున్నా. పెంకుల మీద వాన, గోదారి ఎర్రగా, లంక చుట్టూ నురగ, రేవులో పడవ తాడు తెంపుకుపోయింది, అవతలి ఒడ్డు నుంచి మంగలి మంత్రసాని రాలేదు, కాబట్టి పోలి. అచ్చాయమ్మకి తొలి కాన్పు, పుట్టింటికి వచ్చింది, పద్దెనిమిదేళ్ళు ఉండవు, నోట్లో గుడ్డ కుక్కుకుని మూలిగింది గాని అరవలేదు. మధ్యాహ్నం దీపం పెట్టుకోవలసినంత మబ్బు. బిడ్డ బయటపడింది. సిద్ధాంతి లేడు, గిన్నె లేదు, నిమ్మకాయ ఒళ్ళోనే ఉండిపోయింది. ఆడపిల్ల, తల్లీ, అంది పోలి. గుమ్మం బయట నిలబడ్డ పెద్దావిడ, అచ్చాయమ్మ తల్లి, పిల్ల మొహం చూడలేదు, గోడ మీద పంచాంగం కట్ట వైపు చూసింది. శూన్యమాసం, అంది. అధికంలో ఆడపిల్ల, అదీ తొలి చూలు. రేపు దీన్ని ఎవడు చేసుకుంటాడు, దీని మొహం చూసి అల్లుడికి నష్టం వస్తే నా కూతుర్ని ఏమంటారు. అంతా ఆవిడే అంది, అంతా ఆవిడే తేల్చింది. గోదారి వరద తీసేదాకా ఎలాగూ కబురు వెళ్ళదు. తీశాక వెళ్ళే కబురు వచ్చే పున్నమికి పుట్టిందనే వెళుతుంది. ఇదే పున్నమి, మంచి నెలలో. దేవుడు ఒక నెల ఆలస్యం చేస్తే మనం ఏం చేస్తాం? పోలీ, పిల్ల తల మీద చెయ్యి పెట్టు. ఎవరితోనైనా అంటే ఈ పిల్లకే తగులుతుంది. పెట్టింది. ఇంకా తడి ఆరని తల, నడినెత్తి మెత్తగా కొట్టుకుంటోంది. ఆ మెత్తదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది. ప్రభువు పేరు మీద చెయ్యి పెట్టమంటారు లోపల, నల్లట్ట పుస్తకం మీద, అంతా నిజమే చెపుతానని. ఆ తల మీద పెట్టిన చెయ్యి, ఈ పుస్తకం మీద పెట్టే చెయ్యి, ఒకటే చెయ్యి. ఏ ఒట్టు గెలవాలి. ఒట్టు పెట్టిన పిల్లనే కాపాడటానికి ఒట్టు తీసి గట్టు మీద పెడితే అది తప్పవుతుందా. పాదిరిగారిని అడగాలనుకుంది, అడగలేదు. కొన్ని పాదిరిగారికి తెలియవు. ఆయన ఎప్పుడూ పురిటి గదిలో లేడు.

ఆనవాలు, ఆనవాలు. పడవవాడు? అమ్మిరాజు, వాడు పోయి ఏడేళ్ళు. ఆ నెలంతా పిల్లని దాచిన గది? ఆ ఇల్లే లేదు, లంక కొసని గోదారి కోసుకుపోయింది, ఇల్లూ పెరడూ మావిడి చెట్టూ మొత్తం. బొడ్డు పాతిన చోటు కూడా నీళ్ళలోనే. అచ్చాయమ్మ? మొన్న కోటిలింగాల రేవులో కనపడింది, కనపడటానికే వచ్చింది, స్నానానికి వచ్చినట్టు తలనిండా కొంగు కప్పుకుని పై మెట్టు మీద నిలబడింది. జ్ఞానమ్మ కింది మెట్టు మీద. మధ్యలో పది మెట్లు. నువ్వు చెపుతావటగా పోలీ, అంది. చెప్పమంటావా అమ్మా? అంది జ్ఞానమ్మ. ఆవిడ నీళ్ళ వైపు తిరిగింది. పదహారేళ్ళు ఒకే పక్క మీద పడుకున్నాను పోలీ, ఆయనతో ఒక్క మాటా అబద్ధమాడలేదు, ఈ ఒక్కటే, ఈ ఒక్కటీ పిల్లని కన్న నాడే మొదలైంది అంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మెట్లెక్కి వెళ్ళిపోతూ మళ్ళీ ఆగింది. "దాని జుట్టు ఎలా ఉందే? నూనె రాసుకుంటోందా?" అంది. అంతే. ఆ ప్రశ్న వినగానే తెలిసింది ఆవిడ దేనికి వచ్చిందో. ఆవిడ పేరు చెప్పకూడదు. చచ్చిపోయినావిడ పేరు చెప్పాలి, తన పేరు చెప్పుకోవాలి. చెప్పాక ఇంక ఏ శెట్టిగారింటి గుమ్మమూ ఆమెకి తెరుచుకోదు. ఒక పుట్టుక దాచినది ఎన్ని దాచిందోనని ప్రతి ఇల్లూ తన పెట్టె తెరిచి చూసుకుంటుంది. చూసుకోనీ. ఎన్నాళ్ళు బతకాలి గనక ఇంక.

వరండా అవతలి కొసన, కిటికీ పక్క, రూతు భుజానికి ఆనుకుని మాణిక్యం నిలబడి ఉంది. తెల్లచీర. జడ వేసుకుంది, నడుం దాటిన జడ, కచేరీకి వచ్చే రోజున కావాలనే వేసుకున్నట్టుంది. మిషను ఆవరణలో తన బియ్యం తనే వండుకుంటుంది, విడి పొయ్యి, విడి కుండ, ఎవరూ కాదనలేదు. జ్ఞానమ్మని చూసి నవ్వబోయి మానేసింది. ఆ పిల్లకి తెలుసు ఇవాళ తన పుట్టుక గురించి లోపల వాదన జరుగుతోందని, తను మాత్రం దానికి సాక్షి కాదని. ఎవరి పుట్టుకకి వాళ్ళు సాక్షి కారు. ఎంత చదువుకున్నా ఆ ఒక్కటి ఇంకొకళ్ళు చెప్పవలసిందే.

మజ్జిగ తాగడానికి కాబోలు గున్నయ్య శెట్టి వరండాలోకి వచ్చాడు, పిల్ల తండ్రి, ఫిర్యాదు చేసినవాడు. సన్నబడ్డాడు. ఒకప్పుడు ఉత్తరీయం నిలిచే భుజాలు, ఇప్పుడు జారిపోతోంది. కూతురు వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో మెడ చూస్తే తెలుస్తోంది. మెట్టు మీద ఈమె కనిపించింది.

"ఏమే పోలీ. నువ్వు కూడానా?"

"నేను కూడానే బాబూ."

"ఎంత ఇచ్చారే పాదిరీలు?"

"తమరింట్లో పురుడు పోసినప్పుడు ఎంత ఇచ్చారో అంతే బాబూ. పాత చీర."

పోతురాజు నవ్వి, నవ్వనట్టు దగ్గాడు. శెట్టి కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా లేనట్టుంది. గొంతు తగ్గించి, "నా పిల్ల మీద నాకేం పగుందే," అన్నాడు. "బజారులో నడవలేకపోతున్నాను. కొట్లో కూర్చుంటే బేరానికి వచ్చినవాడు కూడా జాలిగా చూస్తున్నాడు. కులం వాళ్ళు ఇల్లు వెలేస్తామంటున్నారు. దీని తరువాత ఇద్దరున్నారు, వాళ్ళనెవరు చేసుకుంటారు? నన్నేం చెయ్యమంటావు?" అడిగినవాడు ఆమెనే అడిగాడు. నలభై ఏళ్ళలో అలాంటి ఇంటి మగవాడు ఆమెని సలహా అడగడం ఇదే మొదటిసారి. ఈ మనిషిని రాక్షసుడనుకుంటే ఎంత సుఖంగా ఉండేది. రాక్షసుడు కాదు. కళ్ళ కింద నలుపు, నిద్ర లేదు. జుట్టు తీయించాలన్నప్పుడు కూడా ఏడ్చాడని రూతు చెప్పింది. ఏడ్చి తీయించేవాడు. ఏడుస్తూనే తీయించేవాడు. అదే కదా దారుణం, ఈ లోకంలో ఘోరాలన్నీ ఏడుస్తూ చేసేవాళ్ళే చేస్తారు, తప్పదు అంటూ, పెద్దలు అన్నారు అంటూ.

లోపల సిద్ధాంతిగారి గొంతు ఆగింది.

"జ్ఞానమ్మా, జ్ఞానమ్మా, జ్ఞానమ్మా," అని పోతురాజు ఎదురుగా ఉన్న మనిషిని ఊరంతా వినేలా పిలిచాడు. ఆనవాలు దొరకలేదు. చేట ఖాళీ. కాళ్ళు లేచాయి, నడిచాయి. లోపల చల్లగా ఉంది, పైన గుడ్డ పంకా వేలాడుతోంది, దొర ముఖం ఎర్రగా, అలసటగా, బోనులో యెహెజ్కేలు, గడ్డం మాసింది. పుస్తకం చేతిలో పెట్టారు. నల్లట్ట గట్టిగా ఉంది, నడినెత్తిలా మెత్తగా లేదు. ప్రమాణం చేసింది. పేరు? జ్ఞానమ్మ. తండ్రి పేరు? సుబ్బడు. వయసు? ఎంతమంది వయసులు ఈ నోట్లో ఉన్నాయో. ఆనకట్టకి రాళ్ళు వేసే నాటికి తట్ట మొయ్యగలిగేది, అమ్మతో కలిసి మోసింది, తట్ట కింద మెడ నొప్పి గుర్తుంది. అంతకు ముందు ఏమీ లేదు. అమ్మకి పురుడు పోసినావిడ ఎవరో. ఆవిడతోనే పోయింది ఆమె పుట్టుక. గుమస్తా తల ఎత్తకుండానే అరవై అని రాసేశాడు. దొర లెక్కలో ఇంక అదే నిజం.

చెప్పింది. లంక, వాన, అధిక శ్రావణం, పెద్దావిడ మాట, తన ఒట్టు. నెల దాచడం తనకీ ఆ పెద్దావిడకీ తప్ప ఎవరికీ తెలియదంది, అచ్చాయమ్మకి అప్పుడు ఒంటి మీద తెలివే లేదంది. ఆ ఒక్క అబద్ధం మాత్రం పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆడింది, ప్రభువుతో తరువాత మాట్లాడుకుంటుంది. అటువైపు ప్లీడరు లేచాడు, పొట్ట సవరించుకున్నాడు. మాల మంత్రసాని అండి, మిషను అన్నం తింటోందండి, వయసు ఎంతో తనకే తెలీదండి, ఇంకొకరి పుట్టిన రోజు చెపుతోందండి, అన్నాడు. కచేరీ అంతా నవ్వింది. ఒక్క గుర్తు ఉందా నీ దగ్గర, ఆ బిడ్డ పుట్టింది అప్పుడే అనడానికి? లేదు. లేదు అనబోయింది. ముందు వరసలో గున్నయ్య శెట్టి నోరు కొంచెం తెరుచుకుని ఆమె వైపే చూస్తున్నాడు, వేలి కణుపుల మీద బొటనవేలు నడుస్తోంది, అధికం, నిజం, ఒక నెల, ఏదో లెక్క కడుతున్నాడు, ఆ తెరుచుకున్న నోరు చూడగానే బారసాల నాటి మొహం వచ్చి దాని మీద పడింది, పాతికేళ్ళ వాడు, లంక రేవులో తగ్గిన గోదారి బురద కాళ్ళకి, జరీ పంచె తడిసి, ఉయ్యాల మీదికి వంగి, ఇలాగే నోరు తెరుచుకుని.

"ఉంది బాబూ," అంది. "బారసాల నాడు ఇరవై ఒక్క రోజుల పిల్ల అని చెప్పి తండ్రికి చూపించాం. ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసి నవ్వింది. ఊరికే మూతి వంకర పోవడం కాదు, నిద్రలో నవ్వడం కాదు, మనిషిని చూసి, మాటకి జవాబుగా నవ్వింది. ఇరవై ఒక్క రోజుల బిడ్డ అలా నవ్వదు బాబూ. నా చేతుల్లో కొన్ని వందలమంది పుట్టారు, ఒక్కళ్ళూ నవ్వలేదు. నెలన్నర దాటాలి. అది యాభయ్యో రోజు గనక నవ్వింది. ఇక్కడ పిల్లలున్న ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే అడగండి. లేకపోతే శెట్టిగారినే అడగండి, నవ్విందో లేదో."

అడగడానికి వీల్లేదండి, ఆయన సాక్ష్యం అయిపోయిందండి, అన్నాడు అటువైపు ప్లీడరు. దొర గుమస్తా వైపు వంగి ఏదో అన్నాడు. గుమస్తా లేచి, "గున్నయ్య శెట్టిగారూ, దొరవారు అడుగుతున్నారు," అన్నాడు.

శెట్టి లేచాడు. లేదు అంటే చాలు. ఒక్క మాట. గుర్తు లేదు అన్నా చాలు, ఎవరు కాదంటారు, పదహారేళ్ళ కిందటి సంగతి. ఇల్లు నిలబడుతుంది, కులం నిలబడుతుంది, మిగిలిన ఇద్దరికీ పెళ్ళిళ్ళవుతాయి. సిద్ధాంతి దగ్గాడు, ప్లీడరు ఆయన ఉత్తరీయం అంచు పట్టుకుని లాగాడు. కిటికీ అవతల తెల్లచీర కదల్లేదు. జ్ఞానమ్మ కళ్ళు మూసుకుంది. మూసుకున్న చీకట్లోకి గోదారి మీదినుంచి పడవవాడి కేక ఒకటి వచ్చి పోయింది, ఎవరిదో కుర్చీ కిర్రుమంది, తరువాత ఒక గొంతు, ఏ బేరంలోనూ అలా పలకని గొంతు.

"నవ్విందండి," అన్నాడు గున్నయ్య శెట్టి. "ఉయ్యాల మీదికి వంగి, ఏమే తల్లీ అన్నాను. నవ్విందండి. నా కూతురు ఇరవై ఒక్క రోజులకే నన్ను గుర్తుపట్టిందని బజారంతా చెప్పుకున్నానండి. కావలిస్తే ఎవర్నైనా అడగండి, అందరికీ చెప్పాను."

గుమస్తా కలం సిరాలో ముంచి, రాయాలా వద్దా అన్నట్టు ఆగాడు.

"రాసుకోండి," అన్నాడు శెట్టి, కూర్చుంటూ.